ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారు

కంప్యూటర్ల పని తెలిసినవాణ్ని కాబట్టి మా చుట్టాల పిల్లల్లో ఎవరికి గేమ్ సరిగ్గా నడవకపోయినా కబురు నా దగ్గరికే వస్తుంది. వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. ప్రాసెసర్ మారిస్తే లాభం ఉంటుందా, డబ్బు దండగా? దీనికి జవాబు ప్రాసెసర్ల పట్టికల్లో దొరకదనీ, ఆడే మనిషి చెప్పే ఫిర్యాదును చివరిదాకా వింటే అందులోనే దొరుకుతుందనీ నాకు తెలిసింది మా మేనల్లుడి వల్ల.

వాడి మిషన్ 2019 చివర్లో కట్టించింది. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బి450 బోర్డు, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు. ఇంజనీరింగ్‌లో చేరాక పాత మానిటర్ తీసేసి 144 హెర్ట్జ్‌ది పెట్టుకున్నాడు. రాత్రి భోజనాలయ్యాక స్నేహితులతో వాలరెంట్, సెలవుల్లో ఒక్కడే కూర్చుని సైబర్‌పంక్ 2077. వాడు నాతో అన్న మాటలు ఇవి: "మామయ్యా, ఎఫ్‌పీఎస్ నూట యాభై పైనే చూపిస్తోంది. కానీ ఇద్దరు ముగ్గురు ఒకేసారి మీదపడి స్మోకులు వేశారనుకో, సరిగ్గా కాల్చబోయేటప్పుడు గన్ను చేతిలోంచి జారినట్టు అవుతోంది."

ఒక స్నేహితుడు కార్డు మార్చమన్నాడట. ఇంకొకడు అంతా నీ ఇంటర్నెట్ అన్నాడట. నూట యాభై వస్తుంటే ఇంకేం కావాలి అని మూడోవాడు తీసిపారేశాడట. ఆ మూడోవాడి మాట దగ్గరే నేను ఆగాను. అంకె బాగుందంటోంది, చెయ్యి బాగాలేదంటోంది. వీటిలో ఏది నమ్మాలి?

తెరమీద కనబడే ప్రతి ఫ్రేము వెనకా రెండు దశల పని ఉంటుంది. ముందు ప్రాసెసర్ ఆట లెక్కలు తేలుస్తుంది: ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎవరికి తగిలింది, సర్వర్ నుంచి ఏ సమాచారం వచ్చింది, గోడ వెనక ఉన్నది గీయాలా అక్కర్లేదా. ఆ తర్వాత ఏమేం గీయాలో కార్డుకు అందిస్తుంది, కార్డు గీస్తుంది. వరినాట్లలో నారు కట్టలు అందించేవాళ్లకీ నాటేవాళ్లకీ మధ్య ఉండే సంబంధమే వీటి మధ్యా ఉంది. కట్ట అందడం ఆలస్యమైతే నాటేవాళ్లు నడుం ఎత్తి నిలబడతారు. నాటేవాళ్లు చాలకపోతే కట్టలు గట్టుమీదే ఉండిపోతాయి. అప్పుడు కట్టలు మోయడానికి ఇంకెంత చురుకైనవాణ్ని తెచ్చినా మడి తొందరగా నిండదు.

సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్ల వ్యవధి ఉంటుంది. 144 కావాలంటే 6.9 మాత్రమే. రిజల్యూషన్ పెంచినప్పుడు బరువు ప్రధానంగా కార్డు మీద పడుతుంది. ఫ్రేముల సంఖ్య పెంచాలన్నప్పుడు ప్రాసెసర్ కూడా అంతే వేగంగా లెక్క తేల్చి ఇవ్వాలి. మా వాడి ఫిర్యాదు మొదలైంది మానిటర్ మారాకేనని అడిగితే తెలిసింది. ఆ ప్రాసెసర్ అన్నేళ్లూ అలాగే పనిచేస్తోంది. దాని తడబాటు పాత తెరమీద కనబడలేదు, అంతే.

ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితోపాటు వచ్చే రివాట్యూనర్ వేసి, ఒక్కో థ్రెడ్ ఎంత నిండుతోందో, కార్డు ఎంత పనిచేస్తోందో, ఫ్రేముకు ఎంత సమయం పడుతోందో ఫైల్లో నమోదయ్యేలా పెట్టాను. తెరమీద మాత్రం ఏ అంకే కనబడనివ్వలేదు. "నువ్వు ఆడుతూ ఉండు, జారినట్టు అనిపించినప్పుడల్లా 'ఇదిగో' అను" అని చెప్పి, వాడు అన్నప్పుడల్లా గడియారం చూసి టైము కాగితం మీద రాసుకున్నాను. మ్యాచ్ అయ్యాక కాగితాన్నీ ఫైలునూ పక్కపక్కన పెట్టి చూశాం. వాడు 'ఇదిగో' అన్న చోటల్లా ఫ్రేము సమయాల గీత సూదిలా పైకి లేచి ఉంది. ఒకటి రెండు చోట్ల గీత లేచినా వాడు పోల్చుకోలేదు గానీ, గీత లేవకుండా వాడు అన్న చోటు లేదు. వాడి చేతికి తెలిసింది సగటు అంకెకు తెలియలేదు.

ఎందుకు తెలియలేదో చిన్న లెక్క చాలు. ఒక సెకనులో 59 ఫ్రేములు పదిహేనేసి మిల్లీసెకన్లలో వచ్చి, ఒక్కటి మాత్రం 115 మిల్లీసెకన్లు తీసుకుందనుకోండి. మొత్తం వెయ్యి మిల్లీసెకన్లు, 60 ఫ్రేములు. అంకె '60' అని చూపిస్తుంది. ఆ ఒక్క ఫ్రేము దగ్గర ఆట కళ్లముందే తూలుతుంది. ఈ సంగతి పరీక్షలు చేసేవాళ్లు కూడా ఆలస్యంగానే పట్టించుకున్నారు. 2011లో ది టెక్ రిపోర్ట్ సంపాదకుడు స్కాట్ వాసన్ సగటు ఎఫ్‌పీఎస్‌ను పక్కనపెట్టి ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయాన్నే విడిగా కొలిచి చూపించారు. ఇవాళ చాలా సమీక్షల్లో సగటు పక్కన '1 శాతం లో', అంటే అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల వేగం చెప్పే అంకె ఉండటం ఆ దారిలో వచ్చిన అలవాటే. కొనేముందు నేను మొదట చూసేది ఆ అంకెనే.

తర్వాత ఏది దేనికోసం ఆగుతోందో తేల్చాం. దీనికి కొత్త వస్తువేదీ కొననక్కర్లేదు. రిజల్యూషన్‌ను 720కి దించి అదే చోట మళ్లీ ఆడాలి. కార్డు బరువు తగ్గింది కాబట్టి, ఫ్రేములు బాగా పెరిగితే అంతవరకూ ఆలస్యం కార్డుదే. పెరగకపోతే ప్రాసెసర్ వైపుది. సైబర్‌పంక్‌లో కార్డు 99 శాతం దగ్గర నిండిపోయి ఉంది, రిజల్యూషన్ దించగానే ఫ్రేములు ఎగబాకాయి. వాలరెంట్‌లో కార్డు సగం ఖాళీగా ఉంది, దించినా పెద్ద తేడా లేదు. ఒకే మిషన్, ఒకే మనిషి, రెండు ఆటల్లో రెండు జవాబులు.

"కానీ టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ నలభై శాతమే చూపిస్తోంది కదా?" అన్నాడు. మంచి ప్రశ్న. 2600లో ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్‌లు. ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తంలో దాని వాటా 8.3 శాతమే. ఆటలో ఒకదాని తర్వాత ఒకటిగానే చేయాల్సిన పని కొంత ఉంటుంది. దాన్ని పన్నెండు చేతులకు పంచలేం. పంచడానికి వీల్లేని భాగమే మొత్తం వేగానికి హద్దు గీస్తుందని జీన్ ఆమ్‌డాల్ 1967లోనే చెప్పారు. మిగతా కోర్లు ఎంత ఖాళీగా ఉన్నా ఆ ఒక్క కోరు చకచకా చేయగలదా అన్నదే గేమ్‌కు ముఖ్యం.

అలాంటి పని ఎంత మొండిగా ఉంటుందో జీటీఏ ఆన్‌లైన్ చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఆ ఆట తెరుచుకోవడానికి ఏళ్ల తరబడి జనం నిమిషాల కొద్దీ కాచుకున్నారు. 2021లో ఒక ప్రోగ్రామర్ సొంతంగా తవ్విచూస్తే, దాదాపు 63 వేల వస్తువులున్న 10 ఎంబీల జాబితాను ఒకే థ్రెడ్ పరమ వృథా పద్ధతిలో చదువుతోందని తేలింది. అతని మిషన్ మీద ఆరు నిమిషాలు పట్టేది, ఆ కోడ్ సరిచేశాక రెండు నిమిషాల్లోపు వచ్చేసింది. రాక్‌స్టార్ సంస్థ ఆ సవరణను స్వీకరించి అతనికి 10 వేల డాలర్ల బహుమతి ఇచ్చింది. ఆ నిమిషాల కోసమే ప్రాసెసర్లు మార్చినవాళ్లు ఎంతమంది ఉంటారో అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆటలో ఉన్న లోపాన్ని ఆడేవాడి జేబు ఎందుకు భరించాలి?

కొనడానికి ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది, ర్యామ్. వాడి మిషన్‌లో 8 జీబీ స్టిక్ ఒక్కటే ఉంది, అది కూడా 3200 వేగానిదై ఉండి 2400 దగ్గర నడుస్తోంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే తప్ప స్టిక్ మీద రాసిన వేగం రాదు. మిషన్ కట్టించిన రోజు ఎవరూ ఆన్ చేసినట్టు లేదు. రైజెన్‌లో లోపలి భాగాలను కలిపే దారి కూడా ర్యామ్ వేగాన్ని బట్టే నడుస్తుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి, అలాంటిదే ఇంకో స్టిక్ జత చేశాం. సూదులు పొట్టివయ్యాయి. పోలేదు. ప్రాసెసర్ మాట ఎత్తింది అప్పుడే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి, అంటే అందరూ సీటీసీ అనేచోటికి వెళ్లాం. కౌంటర్ల వెనక కుర్రాళ్లు చాలామందికి సరుకు గురించి బాగా తెలుసు. ఎక్కువమంది ఇచ్చిన సలహా ఏఎం5 సాకెట్‌కి వెళ్లిపొమ్మని. కొత్త ప్రాసెసర్‌తోపాటు కొత్త బోర్డు, డీడీఆర్5 ర్యామ్. భవిష్యత్తుకు అది మంచి దారే. కానీ మావాడికి అయ్యే ఖర్చు మూడు నాలుగు రెట్లు, అదీ ఇంటర్న్‌షిప్‌లో నెలనెలా దాచుకున్న డబ్బు. పాత బోర్డులోనే పట్టే ప్రాసెసర్ దొరుకుతుంటే అంతదూరం పోనక్కర్లేదని నా అభిప్రాయం. 2017లో మొదటి రైజెన్‌లతో జనంలోకి వచ్చిన, మావాడి బోర్డులోనూ ఉన్న ఏఎం4 సాకెట్‌లో 2022లో వచ్చిన రైజెన్ 5 5600 కూడా కూర్చుంటుంది. ఇంటెల్ వైపు ఈ సౌకర్యం తక్కువ. ఏడో తరం బోర్డులో ఎనిమిదో తరం ప్రాసెసర్, అదే 1151 సాకెట్ పేరు ఉన్నా పనిచేయదు. అలాంటి మిషన్ ఉన్నవాళ్లకు ఇదే ప్రశ్న వేరే లెక్కగా మారుతుంది.

వాడి కన్ను 5700ఎక్స్3డి మీద ఉంది. అది అద్భుతమైన పనితనం, ఒప్పుకోవాల్సిందే. 5600లో 32 ఎంబీల ఎల్3 క్యాష్ ఉంటే, 5700ఎక్స్3డిలో చిప్ మీద చిప్ పేర్చి 96 ఎంబీలు పెట్టారు. ప్రాసెసర్ ర్యామ్ దాకా వెళ్లి ఒక విషయం తెచ్చుకోవాలంటే వందల సైకిళ్లు ఊరికే గడిచిపోతాయి. కావలసింది క్యాష్‌లోనే ఉంటే ఆ నిరీక్షణ తగ్గుతుంది. ఫ్లైట్ సిమ్యులేటర్, ఫ్యాక్టోరియో లాంటివి ఆడేవాళ్లయితే నేనే కొనమని చెప్పేవాణ్ని. వాలరెంట్‌ను 144 దగ్గర నిలకడగా నడపడానికి అంత అక్కర్లేదు. దాదాపు పదివేలకు 5600 తీసుకున్నాం.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయాలి, లేకపోతే బి450 పాత బయోస్ కొత్త చిప్‌ను గుర్తుపట్టదు, తెర నల్లగానే ఉండిపోతుంది. రెండోది కూలర్. ఏళ్లు గడిచిన పేస్టు గట్టిపడి చిప్‌ను పట్టేస్తుంది. ఒక్కసారిగా పైకి లాగితే సాకెట్ లాక్‌లో ఉన్న చిప్ కూడా ఊడివస్తుంది, కిందనున్న సన్నని పిన్నులు వంగిపోతాయి. అందుకే ముందు కాసేపు గేమ్ నడిపి వేడెక్కించి, ఆపేసి, స్క్రూలు విప్పాక కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పాం. పేస్టు వదిలినట్టు చేతికి తెలిసింది. అప్పుడు పైకెత్తాం.

మళ్లీ అదే పద్ధతిలో కొలిచాం. వాలరెంట్‌లో సగటు బాగానే పెరిగింది, దాన్ని వాడు పట్టించుకోలేదు. స్మోకుల మధ్య వాడు 'ఇదిగో' అనలేదు, ఫైల్లో గీత కూడా దాదాపు చదునుగా ఉంది. సైబర్‌పంక్‌లో తేడా లేదు. ఉండదని ముందే చూశాం కాబట్టి వాడికి నిరాశ కలగలేదు. 60 హెర్ట్జ్ తెరమీద సైబర్‌పంక్ ఒక్కటే ఆడేవాడు ఎవరైనా ఇదే మిషన్‌తో నా దగ్గరికి వస్తే, ఆ పదివేలు కార్డు కోసం దాచుకోమనే చెబుతాను.

తీసేసిన 2600ను వాడి క్లాస్‌మేట్ అడిగాడు. అతనిది 2017 నాటి రైజెన్ 3 1200, నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్‌లు. మావాడు వెంటనే ఇవ్వలేదు. ముందు ఏ గేమ్‌లు ఆడతావు, ఎక్కడ ఆగుతోంది అని అడిగి, అతని గదికి వెళ్లి ఒక సాయంత్రం కూర్చుని కొలిచి వచ్చాడు. నాలుగు థ్రెడ్‌లూ నిండిపోయి కార్డు ఎదురుచూస్తోందట. మా ఇంట్లో చాలని చిప్ అక్కడ బాగా సరిపోయింది.