దీవుల యాత్రకు సన్నాహము

యాత్ర యనగానే బయలుదేరు దినమే పలువురికి జ్ఞప్తికి వచ్చును. కాని యాత్ర అంతకు ఎంతో ముందుగనే ప్రారంభమగును. నేలమీది ప్రయాణములో మరచిన వస్తువును దారిలోని అంగడిలో కొనవచ్చును. నీటిమీద అట్టి అంగడి లేదు. కావున దీవులకు పోవువారి తెలివి సన్నాహమునందే బయటపడును.

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములవారు సముద్రమునకు దూరస్థులు. ఇచ్చటి బాలురు కర్మాగారముల కూతలు విందురే కాని కెరటముల ఘోష ఎరుగరు. అయినను దీవులు వారికి బొత్తిగా క్రొత్తవి కావు. సంగారెడ్డి చెంతనున్న మంజీర జలాశయములో తొమ్మిది చిన్న దీవులు కలవు. పుట్టిగడ్డ, కరణంగడ్డ మొదలగునవి వాని పేర్లు. 1978లో ఆ ప్రదేశము అభయారణ్యముగా ప్రకటింపబడెను. ఆ నీటిలో మొసళ్ళు వసించును. గడ్డలమీద కొంగలు గూళ్ళు కట్టును. అచ్చట మనుష్యుడు అతిథియే కాని యజమాని కాడు. దీవులకు పోవువారు నేర్వవలసిన మొదటి పాఠ మిదియే.

పటాన్‌చెరులోని పదిమంది బాలురు ఇరువురు పెద్దలతో కలసి కాకినాడ ఎదుటనున్న హోప్ దీవిని చూడ సంకల్పించిరనుకొనుడు. అది కొండలతో కూడిన దీవి కాదు. గోదావరి తెచ్చిన ఇసుక కెరటములచే నెట్టబడి, రెండు శతాబ్దుల కాలములో సుమారు 16 కిలోమీటర్ల పొడవున దిబ్బగా పేరుకొన్నది. పెను కెరటముల తాకిడినుండి కాకినాడను అది కోటగోడవలె కాపాడుచున్నది. మంజీర కందకుర్తి కడ గోదావరిలో కలియును గదా! కావున ఆ దిబ్బలో సంగారెడ్డి సీమ రేణువులు కూడ కొన్ని చేరియుండవచ్చును. ఐదువందల కిలోమీటర్లకు మించి ప్రయాణము చేసి ఆ బాలురు చూడబోవునది పూర్తిగా పరాయి నేల కాదు.

మొదటి ప్రశ్న: ఎప్పుడు పోవలయును? వర్షకాలమున నీరు పోటెత్తి యుండును. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుపానుల భయము. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ తీరముననే కోరింగ రేవును నాశన మొనర్చెను. జనవరి మొదలు మార్చి వరకు సముద్రము నెమ్మదిగా నుండును. కాని ఆ నెలలలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఒడ్డుకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు వెడలిన పిల్లలు వెలుగును చూచి సముద్రపు దిక్కును గుర్తించును. తీరమున మంటలు వేసినచో అవి దారి తప్పి నశించును. కాన చలిమంట చుట్టును కూర్చుండి పాడుకొనవలెనను కోరికను బాలురు మానుకొనవలయును. ఆ ప్రదేశము కోరింగ అభయారణ్యములోనిది గనుక అటవీశాఖవారి అనుమతి ముందుగా పొందవలయును. రాత్రి బసకు అనుమతి లభింపనిచో గుడారము తీరమందలి ఊరిలోనే వేసికొని, పగటివేళ దీవిని చూచి రావలయును.

రెండవది ఆటుపోటుల లెక్క. సముద్రము దినమునకు రెండుమారులు పొంగును, రెండుమారులు తీయును. ఈ వేళలు ప్రతిదినము సుమారు ఏబది నిమిషములు వెనుకకు జరుగును. పోటు నాడు మడ అడవుల నడుమ సుఖముగా సాగిన పడవ ఆటువేళ బురదలో కూరుకొనవచ్చును. పుస్తకములోని పట్టికకంటె ఆ నీటిలో పెరిగిన బెస్తవాని మాట మిన్న. అతడు వలదన్న దినమున పడవ కదలరాదు.

మూడవది మంచినీరు. చుట్టును నీరే యున్నను గ్రుక్కెడు త్రాగుటకు పనికిరాదు. మనిషికి దినమునకు నాలుగు లీటర్ల చొప్పున పండ్రెండుగురికి 48 లీటర్లు. రెండు దినముల యాత్రకు 96 లీటర్లు. గాలి తిరిగి పడవ ఆలస్యమైనచో మరియొక దినమునకు 48 చేర్చవలయును. మొత్తము 144 లీటర్లు. అనగా 144 కిలోగ్రాముల బరువు. పడవ మోయగల బరువులో దీనిని కూడ లెక్కింపవలయును. పాఠశాలలో నేర్చిన గుణకారము ఇచ్చట ప్రాణరక్షణ మగును.

నాలుగవది రక్షణ. పడవ ఎక్కకమునుపే ప్రతివారును లైఫ్ జాకెట్టు తొడుగుకొనవలయును. ఈత వచ్చినవారికి ఇది అక్కరలేదనుట అవివేకము. 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు కడ గోదావరి వరదలో పర్యాటకుల పడవ మునిగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ దుఃఖమును తలచిన వారెవ్వరును వరదనీటిని, అధికభారమును తేలికగా చూడరు.

ఐదవది తిరుగు ప్రయాణపు మూట. తీసికొనిపోయిన ప్రతి ప్లాస్టిక్ సీసాను, ప్రతి సంచిని మరల తెచ్చుకొనవలయును. ఆశ్రయమిచ్చిన దీవిపై చెత్త విడిచివచ్చుట ఏరు దాటి తెప్ప తగులవేయుట వంటిది. పటాన్‌చెరు బాలురకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. కర్మాగారముల మురికి చేరిన నక్కవాగు ఎట్లు చెడిపోయెనో వారి పెద్ద లెరుగుదురు. ఆ వాగు మంజీరను చేరును, మంజీర గోదావరిని, గోదావరి సముద్రమును. ఎగువవారు పారవేసినది దిగువవారి కడకు రాకమానదు.

ఇన్ని లెక్కలు వేసికొన్న పిదపను, బయలుదేరు ఉదయమున గాలి ఎదురు తిరుగవచ్చును. అప్పుడు పెద్దలు “నేడు వద్దు” అనిన బాలురు చిన్నబుచ్చుకొందురు. “ఇంత దూరము వచ్చి చూడక పోవుదుమా?” అందురు. ఆ క్షణమే అసలైన పరీక్ష. పడవలో కాలు పెట్టుట సులభము. పెట్టిన కాలు వెనుకకు తీయుటకు ధైర్యము కావలయును. సన్నాహమున్నవాడు ఆ ధైర్యమును ఇంటివద్దనే సమకూర్చుకొని పోవును. దీవి రెండువందల ఏండ్లుగా అచ్చటనే పెరుగుచున్నది; మరియొక సంవత్సరము వేచియుండగలదు. క్షేమముగా ఇల్లు చేరినవానికే మరల బయలుదేరు భాగ్యము కలుగును.