ఆసుపత్రి గడప దాటిన తరువాత

బన్సీలాల్‌పేట్‌లో మేము గృహదర్శనమునకు వెళ్లే ఇండ్లలో తరచు వినే మాట: "అయ్యగారూ, ఆపరేషన్‌కు కార్డు పనికివచ్చింది. ఇప్పుడెట్లా?" గాంధీ ఆసుపత్రి దగ్గరే ఉన్నది. తుంటి ఎముక విరిగిన అత్తగారికి చికిత్స జరిగింది. ఇక ఆమెను లేపాలి, స్నానం చేయించాలి, నడిపించాలి. కోడలు పని మానుకుంటే కూలి పోతుంది.

ఈ సేవకు బీమా డబ్బు ఇవ్వదా? బీమా నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపులలో విశ్రాంతి, పునరావాస సంరక్షణ ఒకటి. అది ఉన్న పాలసీలో స్నానం, బట్టలు తొడగటం, నడిపించటం నర్సు చేసినా, ఆయా చేసినా ఆ ఖర్చు మనదే. 2024 అక్టోబరులో 70 ఏళ్లు నిండిన వారందరికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్‌లో కూడా డిశ్చార్జి తరువాత 15 రోజుల వరకే లెక్క.

అమెరికాలో పెద్దలకున్న మెడికేర్, మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నవారికి నర్సింగ్ కేంద్రంలో 20 రోజులు పూర్తిగా భరిస్తుంది. 21 నుండి 100వ రోజు వరకు రోగి రోజూ వాటా కట్టాలి. అందుకే అక్కడివారు అనుబంధ బీమా కొంటారు.

మనకు అనుబంధమేది? పాలసీ కొనేముందే మినహాయింపులు చదివించుకోండి. డిశ్చార్జికి ముందే ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామాలు నేర్చుకోండి. సంఘ స్త్రీలు వంతులవారీగా ఒక్కొక్క పూట కూర్చుంటే, ఆ కోడలు పనికి వెళ్లగలదు. పండ్లు తీసుకొని పరామర్శకు వెళ్లుట మంచిదే. ఒక పూట తీసుకొని వెళ్లుట మరింత మంచిది.