నవ్వు గీత

స్పిరిట్ అద్దిన దూదితో ఒక ఎం.టెక్. అమ్మాయి నా చెంపను గట్టిగానే రుద్దింది. చర్మం మీద జిడ్డుంటే కండరం సంకేతం సరిగా అందదట. మే నెలలో, హైదరాబాద్ శివార్లలోని ఇంజనీరింగ్ కాలేజీకి బస్సులో వెళ్లినవాడి ముఖం కదా, దూది నల్లబడింది.

చెంప ఎముక నుంచి పెదవి కొస దాకా వాలుగా దిగే కండరం జైగోమాటికస్ మేజర్. నవ్వినప్పుడు పెదవి కొసను పైకి లాగేది అదే. దాని మీద సెంటీమీటరు ఎడంగా రెండు ఎలక్ట్రోడ్లు అతికించింది. కనుబొమ ముడివేసే కండరం మీద ఇంకో రెండు. జుట్టు మొదట్లో గ్రౌండ్ ఒకటి. కండరం బిగిసినప్పుడు పుట్టే విద్యుత్తు చర్మం మీద మైక్రోవోల్టుల్లోనే ఉంటుంది. గోడ ప్లగ్గులోనేమో 230 వోల్టులు. అందుకే తెర మీద ముందు కనిపించింది నా నవ్వు కాదు, సెకనుకు 50 సార్లు ఊగే కరెంటు రొద. లాప్‌టాప్ చార్జర్ పీకేసి, ఫిల్టరు పెట్టాక గీత చదునైంది.

"నవ్వండి సార్." గీత గుబురుగా లేచింది. "ఇప్పుడు నవ్వబోయి ఆపుకోండి." ఎదురుగా ఉన్న అద్దంలో ముఖం కదల్లేదు, తెర మీద మాత్రం చిన్న గుబురు! కెమెరాకు దొరకనిది, కండరాల విద్యుత్తును గీతగా చూపే ఈఎంజీకి దొరికిపోయింది.

అయితే ఎవరో పెట్టిన వేయించిన పల్లీలు నమిలితే కూడా గీత ఎగిరింది. దవడ కండరం పక్కనే ఉంది మరి. యంత్రం లెక్కలో నేను పడీపడీ నవ్వుతున్నాను. ఫ్రెంచి వైద్యుడు డుషెన్ ముఖాలకు కరెంటు తగిలించి, ఏ కండరం ఏ కవళికను తెస్తుందో చూపిస్తూ 1862లో పుస్తకమే వేశాడు. లోపల సంతోషం లేకపోయినా కరెంటుతో పెదవి సాగుతుందని అప్పుడే తేలింది. ఇలాంటి సెన్సార్లతో ఉద్యోగుల మనసు చదివేస్తామనేవాళ్లను నేను నమ్మను.

ఇది అక్కరకొచ్చే చోటు వేరే ఉంది. ఫిజియోథెరపిస్టు వెంట ఒక టైలరమ్మ వచ్చింది. బెల్స్ పాల్సీతో మూతి వంకరపోతే, ఊళ్లో గాలి సోకిందన్నారట. ఈ జబ్బు చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది. కొందరిలో నాడి మళ్లీ పెరిగేటప్పుడు దాని పోగులు దారి తప్పి వేరే కండరానికి చేరతాయి. ఈవిడకు అదే అయింది: కన్ను మూస్తే పెదవి కొస పైకి లేస్తోంది. తెర మీద రెండు గీతలు పెట్టారు, కంటిదొకటి, పెదవిదొకటి. పెదవి గీత లేవకుండా కన్ను మూయాలి.

"గట్టిగా వద్దమ్మా, నిదానంగా సగమే మూయండి."

కాసేపటికి పెదవి గీత కొంచెం తగ్గింది. "ఇంట్లో చేసుకోడానికి ఇస్తారా దీన్ని?" అని అడిగిందావిడ.

ఆ అమ్మాయి సొరుగులోంచి కళ్లజోడు ఫ్రేము తీసింది. చెంప మీదికి దిగే కొసల్లో జిగురు అక్కర్లేని పొడి ఎలక్ట్రోడ్లున్నాయి. పెట్టి చూస్తే ముక్కు మీంచి జారిపోతోంది. "ఇది మగవాళ్ల కొలతమ్మా" అంటూ, ఆవిడ మెడలోని టేపే తీసుకుని ముఖం కొలిచి నోటుబుక్కులో రాసుకుంది.