సీల అరిగితే

స్కీ బైండింగు గురించి మన సంచికలో వ్యాసమేమిటని మీరు నవ్వవచ్చు. మంచుగడ్డ అంటే సోడా బండి దగ్గరా, చేపల బజార్లోనూ తప్ప ఎరగని వూళ్ల వాళ్లం మనం. నవ్వితే నవ్వండి గాని, చివరిదాకా చదవండి. ఘర్షణ అనే పాఠం ఇంటర్మీడియట్ నుంచీ చదువుతున్నాను. ఘర్షణ వల్ల వేడి పుడుతుందని చెప్పారు, శక్తి నష్టమవుతుందని చెప్పారు. దానివల్ల వస్తువు అరుగుతుందనీ, అరిగిన వస్తువు పైకి నిక్షేపంగా కనిపిస్తూనే మనిషి కాలు విరగ్గొట్టగలదనీ మాత్రం ఏ పాఠంలోనూ గట్టిగా చెప్పినట్టు గుర్తులేదు. నాకది బైండింగు చూస్తేనే తెలిసింది.

కిందటి చలికాలం కాశ్మీరులో గుల్‌మార్గ్‌కు పధ్నాలుగు రోజుల స్కీయింగు శిక్షణకు వెళ్లే అవకాశం వచ్చింది. మా చేతికిచ్చినవి మామూలు స్కీలు. కేబుల్ కారులోనో, లాగుడు తాడు పట్టుకునో పైకి పోయి, జారుకుంటూ కిందికి రావాలి. అంతకు మించి వాటికి పని లేదు. మా శిక్షకుడి స్కీలు వేరు. వాటితో కొండ ఎక్కవచ్చు కూడా. స్కీ అడుగున వెనక్కి జారనివ్వని నూగు పట్టీ అంటించుకుని, మడమ పైకి లేస్తూ దిగుతూ వుండగా నడుచుకుంటూ పోవడమే. పైకి చేరాక ఆ పట్టీ వూడదీసి సంచిలో పెట్టుకుని, మడమను బిగించుకుని, మామూలు స్కీలలాగే జారి వస్తారు. ఐరోపాలో ఆల్ప్స్ పర్వతాల వాళ్లు దీన్ని స్కీ టూరింగ్ అంటారు.

అంటే ఈ బైండింగు ఒకదానికొకటి పొసగని రెండు పనులు చెయ్యాలి. ఎక్కేటప్పుడు తలుపు బందులాగా తేలిగ్గా తిరగాలి. దిగేటప్పుడు బూటునూ స్కీనీ ఒక్కటి చేసి పట్టుకోవాలి. మూడో పని ఇంకొకటుంది, అసలు కష్టం దానితోనే. మనిషి పడినప్పుడు, కాలు మెలితిరిగి ఎముక విరిగే లోపల, తనంతట తాను వూడిపోవాలి. పట్టుకోవాల్సినంతసేపూ పట్టుకోవాలి, వదలాల్సిన క్షణాన వదలాలి. మనుషులకే చేతకాని పని ఇది.

పూర్వం దీనికి పెద్ద చట్రం వాడేవారు. బూటును మామూలు బైండింగులో బిగించి, ఆ బైండింగు మొత్తాన్ని ఒక పలక మీద పెట్టి, ఆ పలకకు ముందు బందు వేసేవారు. గట్టిదే, కాని జత రెండు కిలోలకు పైమాట. ఎత్తిన ప్రతి అడుగుకూ ఆ బరువు కాలితోపాటు లేవాలి. 1980లలో ఫ్రిట్జ్ బార్తెల్ అనే ఆస్ట్రియా దేశస్థుడు ఈ చట్రాన్నే ఎత్తిపారేశాడు. బూటే గట్టిగా వుండగా మళ్లీ కింద పలక దేనికి అన్నది ఆయన ఆలోచన. బూటు ముక్కుకు రెండు పక్కలా ఉక్కు గుంటలు పెట్టాడు. స్కీ మీద ఎదురెదురుగా రెండు చిన్న చేతులు, వాటి కొనలకు రెండు ఉక్కు సీలలు. అడుగు వేసి నొక్కగానే స్ప్రింగుల బలంతో ఆ సీలలు గుంటల్లోకి దిగుతాయి. ఇక బూటు ఆ రెండు కొనల మీదే తిరుగుతుంది. మడమ దగ్గర ఇంకో జత సీలలు. దిగేటప్పుడు అవి బూటు వెనక వున్న ఉక్కు బిళ్లలోకి దూరతాయి. ఇప్పుడు పోటీలలో వాడే అతి తేలికవి ఒక్కొక్కటి నూట యాభై గ్రాములకన్నా తక్కువే తూగుతాయి. మన క్యాంటీన్ టీ గ్లాసు నిండా టీతో తూచి చూస్తే అంతకన్నా ఎక్కువే వుంటుంది కాబోలు.

సరే, సీల వుంది, గుంట వుంది. మా ఇంట్లో వున్నదీ ఇదే. నా చిన్నప్పుడు ఎడ్లబండి చక్రం ఆకులు ఎప్పుడూ పోలేదు, ఇరుసు దగ్గరే పోయేది. కాబట్టి శిక్షకుడు రోజూ సాయంత్రం బూటు ముక్కులో టార్చి వేసి, ఆ గుంటలను పుల్లతో గుచ్చి గుచ్చి శుభ్రం చేస్తుంటే, మాతో వచ్చిన పట్నం కుర్రాళ్లకు విసుగు పుట్టిందేమో గాని నాకు మాత్రం కొత్తగా అనిపించలేదు. పక్కన కూర్చుని లెక్క వేశాను.

వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కాలి, దారి వాలు సగటున పది డిగ్రీలు అనుకుందాం. నడవాల్సిన దూరం దాదాపు ఆరు కిలోమీటర్లు. కుడి ఎడమలు రెండూ కలిపి ఒక జత అడుగులకు 1.2 మీటర్లు అనుకుంటే, ఒక్కొక్క కాలు ఐదు వేలసార్లు లేస్తుంది. లేచిన ప్రతిసారీ బూటు ముప్ఫై అయిదు డిగ్రీలు ముందుకు తిరిగి, మళ్లీ అంతే వెనక్కి వస్తుంది. రాపిడి జరిగే చోట సీల వ్యాసార్ధం రెండు మిల్లీమీటర్లని పెట్టుకుంటే, ఒక అడుగుకు రాపిడి దూరం సుమారు 2.4 మిల్లీమీటర్లు. ఐదు వేల అడుగులకు పన్నెండు మీటర్లు! మనిషి ఆరు కిలోమీటర్లు నడిచి కొండ ఎక్కితే సీలకు మాత్రం పన్నెండు మీటర్ల ప్రయాణం. మన కెమిస్ట్రీ ల్యాబు ఈ గోడ నుంచి ఆ గోడకు అంతే వుంటుంది.

ఈ లెక్క వచ్చాక ముందు నాకు సంతోషమే కలిగింది. పన్నెండు మీటర్లకే ఉక్కు అరుగుతుందా? 1953లో ఆర్చర్డ్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు అరుగుదలకు ఒక సూత్రం చెప్పాడు. అరిగే ఘనపరిమాణం మీద పడే బరువునుబట్టీ రాపిడి దూరాన్నిబట్టీ పెరుగుతుంది, లోహం గట్టిదనాన్నిబట్టి తగ్గుతుంది. చూడ్డానికి వడ్డీ లెక్కంత తేలిక. కాని ఆ సూత్రంలో ఒక గుణకం వుంది, మెలిక అంతా అందులోనే. శుభ్రమైన ఉక్కు మీద శుభ్రమైన ఉక్కు, మధ్యన కాస్త గ్రీజు వుంటే ఆ గుణకం అతి స్వల్పం. మధ్యలో ఇసుక పడిందా, అది వందలరెట్లు పెరగవచ్చు. ఇసుకలోని క్వార్ట్జు ఉక్కుతో సమానంగా పోట్లాడగల ఖనిజం.

మంచుకొండ మీద ఇసుక ఎక్కడిదంటారా? కొండ మీద కాదు, కొండ కింద. బస్సు దిగిన చోటు నుంచి మంచు మొదలయ్యేదాకా బూట్లతోనే రాళ్ల మీదా బురదలోనూ నడుస్తాం. బూటు ముక్కు గుంటలు ఆ బురద నింపుకుంటాయి. దాని మీద మంచు పడి గడ్డకడుతుంది. అలాగే స్కీ తొడిగితే సీల పూర్తిగా లోపలికి దిగదు, దిగినట్టు చప్పుడు మాత్రం చేస్తుంది. సీలచేతుల కింద మంచు బిగుసుకున్నా ఇదే గతి, స్ప్రింగు పూర్తిగా మూయలేదు. అందుకని స్కీ తొడిగాక అనుభవజ్ఞులు కాలును గాలిలో నాలుగైదుసార్లు పైకీ కిందికీ ఆడిస్తారు, గుంటలోని మంచుపొడి బయటకు రాలాలని. నేను మొదట అది వ్యాయామం అనుకున్నాను.

గ్రీజు సంగతి కూడా చెప్పాలి. మా తాత ఆముదంలో గడ్డిమసి కలిపి బండికి కందెన వేసేవాడట. కందెన ఎక్కువైతే దుమ్ము పట్టి అదే ఆకురాయి అవుతుందని ఆయన అనేవాడని నాన్న చెబుతాడు. బైండింగుకూ అంతే. మడమ గూడు లోపల, స్ప్రింగు దగ్గర గ్రీజు వుండి తీరాలి, బయట సీల మీద పులిమితే చేటు. ఐరోపాలో ఇంకో శత్రువు వుంది, ఉప్పు. చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. కారు నెత్తిన కట్టిన స్కీల మీద ఆ ఉప్పునీళ్లు చిమ్ముతాయి. అల్యూమినియం చేయి, ఉక్కు సీల, మధ్య ఉప్పునీరు – రెండో సంవత్సరం విద్యుద్రసాయన శాస్త్రం చదివినవాళ్లకు ఇక నేను చెప్పక్కరలేదు, అదొక బుల్లి బ్యాటరీ.

ఇంతవరకూ ముందు సీలల సంగతి. అసలు భయం మడమ దగ్గర. ఈ రకం బైండింగులో మెలితిప్పుడుకు వూడాల్సిన పని చాలావాటిలో మడమ గూడుదే. కాలు ఓ హద్దు దాటి పక్కకు తిరిగితే గూడు తిరిగి బూటును వదిలేస్తుంది. మనిషి ముందుకు పడితే మడమ సీలలు రెండూ విచ్చుకుని బూటును వదులుతాయి. ఎంత బలానికి వదలాలో మరతిప్పి పెట్టుకునే అంకె వుంటుంది. మనిషి బరువు, ఎత్తు, వయసు, బూటు పొడుగు, స్కీ చేసే తీరు అన్నీ చూసి ఆ అంకె నిర్ణయిస్తారు. కొత్త బైండింగు ఎలా వదలాలో చెప్పడానికి ఐ.ఎస్.ఓ. 13992 అని ప్రమాణమే వుంది. కాని మడమ సీలలు ప్రతి దిగుడులోనూ బూటు బిళ్ల అంచులను రాస్తూ వుంటాయి. అంచులు గుండ్రంగా అరుగుతాయి. గూడు కింద ప్లాస్టిక్ ఆధారం వదులవుతుంది. లోపల గ్రీజు ఎండిపోతుంది. ఒక అరుగుదల బైండింగును తొందరగా వదిలేటట్టు చేస్తే, మరొకటి వదలకుండా బిగుసుకునేటట్టు చేస్తుంది. మీద అంకె మాత్రం ఆరు అంటే ఆరే.

బైండింగు పుటుక్కున విరిగితే ఒక విధంగా నయం, కనపడుతుంది గదా. అరుగుదల కనపడదు. నాన్నకు ఫోనులో ఇదంతా చెబితే ఆయనకు ఇట్టే అర్థమైంది. “మన రోటావేటరు షేరు బోల్టే గదరా,” అన్నాడు. ఆ బోల్టు కావాలనే మెత్తటి ఇనుముతో చేస్తారు. బ్లేడు రాయికో మొద్దుకో తగిలితే అది తెగి, గేరుబాక్సును కాపాడుతుంది. మా వైపు చాలామంది మాటిమాటికీ తెగుతోందని విసుక్కుని, దాని బదులు గట్టి బోల్టు వేస్తారు. ఆ తర్వాత తెగేది గేరుబాక్సే. స్కీ వాళ్లలోనూ ఈ తెలివి వుంది. వదులైన బైండింగు దిగుడులో వూడిపోతోందని, ఎక్కేటప్పుడు మాత్రమే వెయ్యాల్సిన ముందు తాళాన్ని దిగేటప్పుడు కూడా వేసుకుంటారు. జారితే అగాధంలో పడే నిలువు వాలు మీద దానికో అర్థం వుంది, స్కీ వూడితే ప్రాణమే పోతుంది. మామూలు వాలు మీద వేస్తే మాత్రం గేరుబాక్సు స్థానంలో వున్నది మోకాలు.

మా శిక్షకుడి జత ఎవరో విదేశీ యాత్రికుడు వెళ్తూ వెళ్తూ అమ్మిపోయినది. కొత్తది కొనాలంటే ముప్ఫై వేల పైమాట. సెకండ్ హ్యాండ్ ట్రాక్టరు కొంటే గంటల మీటరైనా చూడవచ్చు, దీనికి అదీ లేదు. ఎన్ని కొండలెక్కిందో, ఎన్ని చలికాలాలు ఉప్పునీళ్లలో తడిసిందో చెప్పేవాళ్లు లేరు. అద్దె దుకాణాల సంగతి మరీ అన్యాయం. నేను చూసిన ఒక దుకాణంలో అలాంటి జతలే గోడకు వరసగా వేలాడుతున్నాయి, బూట్లు ఒక మూల పోగు. ఏ బూటు ఏ బైండింగుతో అరిగిందో వాళ్లకే తెలియదు. సీల మార్చవచ్చుగాని బూటులో గుంట మార్చలేం. అరిగిన గుంటలో కొత్త సీల వేస్తే, పాత ఇరుసుకు కొత్త గొట్టం వేసినట్టే, కొత్తది కూడా పాతదాని దారే పడుతుంది.

పెద్ద దుకాణాల్లో వూడే బలాన్ని కొలిచే యంత్రాలుంటాయి. అక్కడ లేవు. వెనక్కి వచ్చాక మన ఫిజిక్స్ ల్యాబులో కూర్చుని ఒక బొమ్మ గీశాను. బూటు గొట్టంలో గట్టి కర్ర నిలబెట్టి బిగించాలి, దానికి అడ్డంగా మీటరు పొడుగు కర్ర కట్టాలి, దాని కొసకు స్ప్రింగు త్రాసు తగిలించి అడ్డంగా లాగాలి. అంకె ఆరైతే మెలితిప్పు బలం సుమారు అరవై న్యూటన్-మీటర్లు, అంటే త్రాసు మీద ఆరు కిలోలకు కాస్త అటూ ఇటూగా వూడాలి. యంత్రమంత నిక్కచ్చిగా రాదు, కాని ఒక జతను ఇంకో జతతో, ఈ ఏటిని కిందటేటితో పోల్చుకోవడానికి చాలు. మా లెక్చరరుగారు చూసి కర్ర వంగకుండా చూసుకోమన్నారు. బొమ్మ ఫోటో తీసి గుల్‌మార్గ్‌కు పంపాను.

మూడు వారాలకు జవాబు వచ్చింది. కూరగాయల దుకాణం నుంచి త్రాసు అడిగి తెచ్చి చూశాడట. ఎడమ కాలిది ఆరు కిలోల దగ్గర వూడింది. కుడి కాలిది పదకొండు దాటినా వూడలేదు, అడ్డకర్ర పటపటమంటుంటే ఆపేశాడట. రెండింటి మీదా అంకె ఒక్కటే. ఆ జతతోనే ఆయన నిరుటి చలికాలమంతా తిరిగాడు. ఇప్పుడు కుడి మడమ గూడు విప్పి, లోపల ఎండి రాయైన గ్రీజును కిరసనాయిలు గుడ్డతో తుడుస్తున్నానని రాశాడు. కింద ఫోటో కూడా పెట్టాడు. నల్లటి ముద్ద, అచ్చం మా తాత కందెనలాగే వుంది.