ఇందుల మనోళ్ళు ఉన్నరా?



కొంచెం పెద్ద పోస్టు. ఓపిక ఉన్నోళ్ళు చదవండి, లేనోళ్ళు బస్సులో కూర్చున్నప్పుడు చదవండి.

మేము అంటే మేమిద్దరం అన్నదమ్ములం. రాస్తున్నది చిన్నోడు. పెద్దోడు ఇంటర్ నడుమల ఆపి హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయిండు. చిన్నోడు చిట్యాల హాస్టల్‌లో ఉండి రోజూ బస్సు పట్టుకొని నల్లగొండ పోయి డిగ్రీ చదువుతుండు. మా ఇంట్ల డిగ్రీ దాకా వచ్చింది ఇదే మొదలు. "నేను" అని రాద్దామని చూసినం గాని రాలేదు. ఎందుకంటే కింద చెప్పబోయే తప్పు ఇద్దరం కలిసి చేసినం.

మా తండా దేవరకొండ దిక్కు. రెండెకరాల చెల్క, వాన పడితే పత్తి, పడకపోతే ఏం లేదు. మేము చిన్నగున్నప్పుడు యాడి, బాపు చిట్యాలకు జిన్నింగు మిల్లు పనికి వచ్చిన్రు. హైవే పక్కన రేకుల రూము కిరాయికి తీసుకున్నరు. రాత్రంతా విజయవాడ లారీల చప్పుడు. పత్తి నూగు ఇంట్ల, గిన్నెల్ల, మా నెత్తిల, అంతటా ఉండేది. ఆ రూములనే మేము యాడికి పుస్తకం చదివి వినిపించుడు మొదలైంది.

యాడికి చదువు రాదు. తెలుగు సంతకు, మేస్త్రీతోని మాట్లాడనీకి సరిపోయేంత వస్తది. కథ మాత్రం గోర్ బోలిలో చెప్తేనే ఆమెకు కథ. అందుకని మేము తెలుగు వాచకం ముంగట పెట్టుకొని, ఒక్కొక్క లైను గోర్ బోలిలోకి మార్చి చెప్పేటోళ్ళం. ఆమె పొయ్యి కాడ బాటి కొట్టుకుంట వినేది. ప్రతి పాఠం మొదలుపెట్టంగనే ఒకటే మాట అడిగేది:

"ఇందుల మనోళ్ళు ఉన్నరా?"

లేరు. ఆ పుస్తకంలో రాజులు ఉన్నరు, రైతులు ఉన్నరు, పట్నం పిల్లలు ఉన్నరు. తండా లేదు. మొదట్ల రెండు మూడుసార్లు "లేరు యాడీ" అన్నం. లేరన్నరోజు ఆమె సగం వినేది, సగం పొయ్యి దిక్కు చూసేది. ఒకరోజు పెద్దోడు ఆలోచించకుంటనే పాఠంలో ఉన్న రామయ్యను సోమ్లా చేసిండు. ఊరిని తండా చేసిండు. యాడి చేతిల పిండి అట్లనే ఆగింది. "అవునా? ఏ తండా?" అన్నది. ఇగ ఆగుతమా? చిన్నోడు తండాకు పేరు పెట్టిండు. మర్నాడు ఎద్దులబండి కలిపినం. ఆ మర్నాడు తీజ్ పండుగ కలిపినం. గోధుమ మొలకల బుట్టలు, పెళ్ళికాని పిల్లలు, పాటలు, అన్ని పాఠంలో ఉన్నట్టే చెప్పినం. ఒక కథలో అయితే మా తాత పేరే పెట్టేసినం.

మేము అబద్ధం ఆడుతున్నం అనుకోలేదు. యాడిని సంతోషపెడుతున్నం అనుకున్నం. ఆమె మిల్లులో పక్కన పనిచేసే ఆడోళ్ళకు చెప్పేది, "మా పిలగాండ్ల పుస్తకంల మన తండాల ముచ్చట్లు ఉన్నయి" అని.

మాకు ఐదేండ్లు చిన్నది చెల్లె ఉన్నది. అది పెరిగి మేము చదివిన తరగతికే వచ్చింది. అప్పటికి యాడి, బాపు మళ్ళ తండాకు పోయిన్రు, మేము హాస్టల్‌లో పడ్డం. సంక్రాంతికి ఇంటికి పోయినం. యాడి చెల్లెను పొయ్యి కాడ కూసోబెట్టుకొని, "సోమ్లా కథ చదువు బిడ్డా" అన్నది. చెల్లె పుస్తకమంతా తిప్పింది. "సోమ్లా లేడు యాడీ. రామయ్య ఉన్నడు" అన్నది. యాడి ఇంకో కథ పేరు చెప్పింది. అదీ లేదు. తీజ్ లేదు. తాత లేడు.

మేము గడప కాడ నిలబడి ఉన్నం. యాడి మా దిక్కు చూసింది. తిట్టలేదు, కొట్టలేదు. బాటి పెట్టింది, కారం వేసింది. తిన్నం. ఆ తర్వాత ఎన్నో ఏండ్లు ఆమె మమ్మల్ని ఏదీ చదివి వినిపించమని అడగలే. "మనోళ్ళు ఉన్నరా" అన్న మాట ఇంట్ల మళ్ళ వినపడలే.

తర్వాత మా ఇంటికి టచ్ ఫోన్ వచ్చింది, సినిమాలు వచ్చినయి. సినిమా అయితే చదివి చెప్పే పని లేదు, ఎవరు ఉన్నరో లేరో ఆమె కండ్లతోనే చూసుకుంటది. మేము చూసిన సినిమాల్లో లంబాడోళ్ళు ఉంటే ఎక్కువగా ఒక పాటలో ఉంటరు. పేటియా, కాంచళి, అద్దాలు, నాలుగు నిమిషాల డ్యాన్సు. పాట అయిపోతే వాళ్ళూ అయిపోతరు. ఒకసారి అట్లాంటి పాట చూసి యాడి, "గా అద్దాలు కుట్టినామె ఎవరో, పనితనం బాగుంది" అన్నది. డ్యాన్సు గురించి ఏం అనలేదు.

'మల్లేశం' సినిమా 2019లో వచ్చింది. మీలో చానమంది చూసే ఉంటరు. మన పాత నల్లగొండ జిల్లాలోని ఆలేరు కాడి చింతకింది మల్లేశం గారి నిజం కథ. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలె. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిప్పాలె. వాళ్ళ అమ్మ ఆ పని చేసి చేసి భుజం పడిపోతుంటే చూడలేక, పెద్ద చదువు లేని మనిషి ఏండ్లకేండ్లు కష్టపడి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేసిండు. దానికి అమ్మ పేరే పెట్టిండు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో పద్మశ్రీ ఇచ్చిన్రు. సినిమాలో ప్రియదర్శి మల్లేశం, ఝాన్సీ వాళ్ళ అమ్మ.

ఈ సినిమా మేము ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనిచ్చి పెట్టి ఇంటిల్లిపాది చూసినం. యాడి మొత్తం చూసింది. అయిపోయినంక ఒకటే మాట అన్నది, "ఆ పిలగాడు తల్లి చెయ్యి చూసిండు. మీరు నా చెయ్యి ఎన్నడన్న చూసిన్రా?"

నవ్వుకుంటనే అన్నది. మేము కూడా నవ్వినం. కాని ఆ రాత్రి ఆమె పండుకున్నంక ఫోన్ లైటు వేసి చూసినం. పత్తి ఏరేటోళ్ళ చేతులు ఎట్లుంటయో ఈడ చానమందికి చెప్పక్కరలేదు. ఎండిన కాయ మొనలు గోరు పక్కనే గీరుతయి. ఒకటి మానకముందే ఇంకోటి. కిలోకు ఇంత అని కూలి కాబట్టి వేలు నొప్పి లేస్తుందని ఆగితే ఆ రోజు కూలి తగ్గుతది. మల్లేశం సినిమాలో మనోళ్ళు లేరు. అయినా యాడి ఆ సినిమా మూడుసార్లు చూసింది. మేము కలపాల్సిన అవసరమే రాలేదు. అప్పుడు మాకు కొంచెం సిగ్గయింది.

'జై భీమ్' 2021లో వచ్చింది. తమిళనాడు ఇరులర్ల కథ, 1993లో నిజంగా జరిగిన ఒక కేసు ఆధారంగా తీసిన్రు. హాస్టల్‌లో ఎనిమిది మందిమి ఒక ఫోన్ ముందర కూసొని తెలుగులో చూసినం. ఇంట్ల మాత్రం పోలీసులు కొట్టే కాడ యాడి "బంద్ చెయ్" అన్నది. చెల్లె తర్వాత ఒక్కతే ఆఖరు దాకా చూసింది. చివర్ల ఆ చిన్నపిల్ల లాయరు పక్కన కాలు మీద కాలేసుకొని పేపరు చదువుతది కదా, ఆ సీను దానికి మస్తు నచ్చింది. ఇంట్ల అట్లనే కూసొని పాత పేపరు పట్టుకునేది. బాపు చూసి, "కాలు దించు" అనేది.

ఇప్పుడు అసలు సంగతి.

పోయిన ఎండాకాలం చెల్లె టెన్త్ పాసైంది. బాపు, "సాలు" అన్నడు. బాపు చెడ్డోడు కాదు. తాగి కొట్టే మనిషి కాదు. ఆయన లెక్క ఆయనకు ఉన్నది. చిట్యాలకు పంపితే బస్సు ఖర్చు, హాస్టల్‌ల సీటు రాకపోతే రూము కిరాయి. ఇంట్ల ఉంటే పత్తికి ఇంకో రెండు చేతులు. పైనుంచి ఒక సంబంధం మాట కూడా వచ్చి ఉన్నది. "పెద్దోడు సదివి ఏం చేసిండు? సెంట్రింగే కదా" అన్నడు. దానికి పెద్దోని కాడ జవాబు లేకుండె. చెల్లెకు పదహారేండ్లు నిండలేదు, పద్దెనిమిది దాకా పెండ్లి చేస్తే చట్టం ఒప్పుకోదు అని చిన్నోడు చెప్పిండు. "చట్టం వచ్చి పత్తి ఏరుతదా" అన్నడు బాపు.

అప్పుడు చిన్నోని సంచిలో ఒక పుస్తకం ఉన్నది. హాస్టల్‌లో గ్రూప్-2కు చదివిన సీనియర్ ఒకాయన పోతూ పోతూ ఒక కట్ట వదిలేసి పోయిండు. అందుల తెలంగాణ సాయుధ పోరాటం మీద అట్ట చినిగిన పుస్తకం ఒకటి. కడవెండిలో 1946 జులై 4న దొడ్డి కొమరయ్యను కాల్చి చంపిన సంగతి, పాలకుర్తిలో ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన సంగతి మాకు తెలుసు. ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల కాబట్టి మా హాస్టల్‌లో చానమంది ఆమెది ఈ ఊరే అనుకుంటరు. కాదు, ఇంటిపేరు మాత్రమే. తెలియనిది ఏందంటే, ఆ పేజీలు తిప్పుతుంటే ధర్మాపురం లంబాడోళ్ళు వచ్చిన్రు. వాళ్ళు దున్నుకుంటున్న భూమిని అదే విసునూరు దేశ్‌ముఖ్ గుంజుకోబోతే తిరగబడ్డరు. జాటోతు ఠాణూ నాయక్ అనే మనిషి ముందల నిలబడి కొట్లాడి, ఆ పోరాటంలనే ప్రాణం ఇచ్చిండు. అప్పట్ల జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనే ఉండె. అంటే మన జిల్లా మనిషి. మన గోరోడు. అచ్చులో.

రాత్రి బాటి తిన్నంక యాడికి చెప్పినం. "యాడీ, ఇందుల మనోళ్ళు ఉన్నరు." అని పేజీ తీసి, ఎన్నో ఏండ్ల తర్వాత మళ్ళ గోర్ బోలిలో చెప్పుడు మొదలుపెట్టినం. ఆమె కొంచెంసేపు విన్నది. నాయక్ అన్న మాట రాంగనే చెయ్యి ఎత్తింది.

"మళ్ళ కలిపిన్రా?"

మేము ఒట్టు పెట్టినం. సేవాలాల్ మీద ఒట్టు అన్నం. ఆమె నమ్మలే. "మీరు బయటికి పోండ్రి" అన్నది. పుస్తకం చెల్లె చేతికిచ్చి, మేము ఏం చెప్పినమో దానికి చెప్పకుంటనే, "ఏముంటే అది చదువు. ఒక్క మాట ఎక్కువ చెప్పకు, ఒక్క మాట తక్కువ చెప్పకు" అన్నది.

మేమిద్దరం వాకిట్ల మంచం మీద కూసున్నం. పెద్దోడు పదమూడంతస్తుల మీద కట్టెలు కట్టే మనిషి, ఆ రోజు వాని కాలు ఆగలే. లోపట చెల్లె ముందుగాల తెలుగులో చదివింది, తర్వాత మన మాటల చెప్పింది. మాకు అరకొరగా వినపడుతుంది. ధర్మాపురం వచ్చింది. భూమి వచ్చింది. ఠాణూ నాయక్ వచ్చిండు. ఆ తర్వాత ఏం చప్పుడు లేదు.

యాడి బయటికి వచ్చి, "ఉన్నడు" అన్నది.

అంతే. మంచం మీద మా నడుమ కూసున్నది. బాపు ఆడనే గోడకు ఆనుకొని బీడీ తాగుతుండు. ఆయనను చూసుకుంట అన్నది (మాటకు మాట గుర్తున్నది మాకు): "ఇంట్ల ఒక్కరికే సదువు వస్తే వాళ్ళు చెప్పిందే నమ్మాలె. ఇంకొకరికి వస్తేనే నిజమో అబద్ధమో తెలుస్తది. పిల్ల చిట్యాల పోతది."

బాపు వెంటనే ఏం అనలేదు. బీడీ అయిపోయినంక, "ఇంటర్ అయినంక చూద్దాం" అన్నడు. అంటే సంబంధం మాట పోలేదు, రెండేండ్లు జరిగింది. మాకు తెలుసు. చెల్లెకూ తెలుసు. అది ఇప్పుడు చిట్యాలలో ఇంటర్ ఫస్టియర్. దాని ఖర్చుకు పెద్దోడు నెలనెలా పంపుతుండు. "సెంట్రింగే కదా" అన్న మాటకు ఇదే వాని జవాబు.

మొన్న చెల్లెకు ఇంకో పుస్తకం పేరు చెప్పినం. నిజామాబాద్ దిక్కు తండాలో పుట్టిన రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన కథలు, 'ఢావ్లో'. 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. పేరు వినంగనే యాడి, "పుస్తకానికి ఢావ్లో అని పెట్టిన్రా?" అని ఊకున్నది. తెలియనోళ్ళకు చెప్తున్నం, పెండ్లయి పోయేటప్పుడు పిల్ల తల్లిని, తోటి ఆడోళ్ళను పట్టుకొని పాడుకుంట ఏడ్చే ఏడుపు అది. "అది నవ్వుకుంట చదివేది కాదు. దీపావళికి అందరు వచ్చినంక చదవండ్రి" అన్నది. చదివేది చెల్లె అట. మేము వినాలె అట. మా మీద నమ్మకం ఇంకా పూర్తిగా రాలేదు. రాకపోయినా న్యాయమే.

మీకు ఒకటే మాట. ఇంట్ల చదువు రానోళ్ళకు చదివి చెప్పేటప్పుడు ఉన్నదే చెప్పండి. మనోళ్ళు లేకపోతే లేరనే చెప్పండి. లేరని తెలిస్తేనే కదా ఎక్కడ ఉన్నరో వెతికేది. మేము లేనోళ్ళను కలిపినం కాబట్టి, ఉన్న మనిషి దొరికిన రోజు మా నోటికి విలువ లేకుండె.

ఇంకొకటి చెప్పి ఆపుతం. ఆ రాత్రి యాడి చెల్లెతోని ఠాణూ పేరు మీద వేలు పెట్టించుకున్నది. ఏ అక్షరంతోని మొదలైతదో చూసింది. గుండ్రంగ ఉండి నడుమల చుక్క ఉన్న 'ఠ'. ఆమెకు వచ్చిన మొదటి అక్షరం అదే. అ రాదు, ఆ రాదు, ఠ వస్తది. పది రోజుల తర్వాత ఫోన్ చేసింది. తండా బడి ముంగట నుంచి పోతుంటే బోర్డు మీద ఆ చుక్క అక్షరం కనపడ్డదట.

"ఠాణూ అక్షరం బడి మీద ఎందుకున్నదిరా? ఆడ ఏం రాసిన్రు?"

ప్రాథమిక పాఠశాల అని రాసి ఉంటది యాడీ అన్నం.

"ఆగు, పిల్లను అడిగి చూస్త" అని ఫోన్ పెట్టేసింది.

జై సేవాలాల్.