పూతయు నూనెయు

తుపాకిని గూర్చిన ప్రసంగము స్త్రీల పత్రికలో నేలయని సోదరీమణులు కొందఱు శంకింపవచ్చును. ఇంటనున్న ప్రతి వస్తువును కాపాడు భారము తుద కిల్లాలి చేతికే వచ్చును గదా! మా యింటి .22 రైఫిలు గూడ నట్లే నా చేతికి వచ్చినది.

మా మామగారు సైన్యమున పనిచేసి విశ్రాంతి గైకొన్నవారు. విశాఖపట్టణమున సముద్రమునకు సమీపముననే మా నివాసము. మా పెద్దమ్మాయి కళాశాలలో ఎన్.సి.సి. దళమునందున్నది. 1949వ సంవత్సరమున ఆ సంస్థలో బాలికల విభాగ మేర్పడినది మొదలు ఎందఱో యాడపిల్లలు అందు చేరి గుఱిపెట్టుట నేర్చుకొనుచున్నారు. మనుమరాలి యుత్సాహమును జూచి తాతగారు మురిసిపోవుదురు. కాని రెండేండ్లుగా వారి చూపు మందగించినది, వ్రేళ్లు వణకుచున్నవి. ఒకనాడు చిన్న మరమేకు చేజాఱి పడగా వారు కొంతసేపు మాటాడక కూర్చుండి, “అమ్మాయీ, ఇక నీవు చేయుము. నేను ప్రక్కనుండి చెప్పెదను” అనిరి. ఎవరిని ముట్టనీయని పనిని కోడలి కప్పగించుట వారి కెంత కష్టమో నాకు తెలియును. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము అనుమతిపత్రము వారి పేరనున్నది గనుక, వారి సమక్షమున దప్ప నేను దానిని ముట్టను.

వారి మొదటి పాఠము నూనెనుగూర్చినది కాదు. తూటాలు వేఱొక గదిలో తాళమువేసి యుండవలెను. బోల్టు వెనుకకు లాగి, తూటా నిలుచు చోటు నొకసారి చూచి, వెలుతురునకు ద్రిప్పి మఱల చూడవలెను. నిన్ననే చూచితిమి గదా యనుమాట యిచ్చట చెల్లదు.

ఇనుముపై పూత యుండగా నూనె యెందులకని నేనడిగితిని. వారు ఒక్కొక్క భాగమును చూపి చెప్పిరి. గొట్టమునకున్న నీలిపూత పైని వేసిన రంగు కాదు. ఇనుముమీదనే పుట్టించిన పలుచని ఆక్సైడు పొర యది. నూనె నిలుచుటకు తోడ్పడునే గాని తానొక్కటియే త్రుప్పు నాపజాలదు. ఉప్పుగాలియు, చేతిచెమటయు దానికి శత్రువులు. ట్రిగ్గరు చుట్టునున్న భాగములకు ఫాస్ఫేటు పూత. అది గరుకుగా నుండును. అందలి సూక్ష్మస్ఫటికముల సందులలో నూనె నిలుచును, నూనె లేనిచో తడి చేరును. బోల్టునకు నికెలు పూత. దాని యడుగున రాగిపొర యున్నచో, అమోనియా కలిసిన ద్రావకము గీతలగుండ లోనికిబోయి పూతను లేవదీయును. కావున దానికి మెత్తని గుడ్డయు, సామాన్యమైన నూనెయు చాలును.

పొరుగింటి పిన్నిగా రొకరు గొట్టముమీది మరకను జూచి, “చింతపండు రుద్దినచో పోవును గదమ్మా” అనిరి. ఇత్తడి బిందె కది మంచి యుపాయమే. కాని చింతపండైనను, నిమ్మరసమైనను, పులుపు త్రుప్పుతోబాటు నీలిపూతను గూడ తినివేయును. మెఱసినదని మనము సంతోషించులోపల ఆ చోటనే మరల త్రుప్పు పట్టును.

గొట్టమును శుభ్రపఱచు కడ్డీకి సైతము ప్లాస్టికు తొడుగుండుట మేలు; ఒట్టి యినుపకడ్డీ లోపలి మెలికగాడులను గీయగలదు. గుడ్డపేలికను వెనుకనుండి మూతివైపునకే త్రోయవలెను. మూతియంచు చెడినచో గుఱి చెడును. మసి పోయిన పిమ్మట రెండుబొట్ల నూనె తడిపిన గుడ్డతో తుడువవలెను. నూనె యెక్కువైనచో ధూళి చేరి జిగురగును. బోల్టులోని సూది మందగించి తూటా పేలకపోవచ్చును. కాల్చుటకు ముందు గొట్టములోని నూనెను పొడిగుడ్డతో తీసివేయవలెను. వంటనూనెలు దీనికి పనికిరావు. నువ్వులనూనె కాలక్రమమున జిగురుకట్టును. కొబ్బరినూనె చలికి గడ్డకట్టును. ఆయుధములకై చేసిన పలుచని నూనెయే వాడవలెను. మామగారికి కన్ను సరిగా కనబడకున్నను, గొట్టముమీద వ్రేలుంచి “ఎక్కువైనది” అనియో, “చాలును” అనియో చెప్పగలరు. వారు “చాలును” అన్ననాడు నాకు పరీక్షలో గెలిచినంత సంతోషము.

బిడ్డల తల్లులు ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. .22 తూటాలలోని గుండ్లు సీసముతో చేసినవి. కాల్చిన పిదప మిగులు మసియందును సీస ముండును. అది పసివారి మెదడునకు మిక్కిలి హానికరము. ఈ పనిని వంటింటగాని, భోజనముచేయు చోటగాని చేయరాదు. కిటికీలు తెఱచి, పాతపత్రికలు పఱచి, వాడిన పేలికలను పిల్లల కందకుండ మూటగట్టి పాఱవేయవలెను. సబ్బుతో చేతులు కడుగుకొనక అన్నము ముట్టరాదు, బిడ్డ నెత్తుకొనరాదు.

ఇప్పుడు మా యమ్మాయినిగూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుచున్నాను. గుఱి తగిలినప్పుడు చప్పట్లు కొట్టువారు పలువురుందురు. తరువాతి మసి తుడుచునప్పుడు చూచువారుండరు. ఆ రెండవ పనిలో ఓర్పు నేర్చిన పిల్లకే ఆయుధమును పట్టు నర్హత కలదని మామగారి నమ్మకము. నా నమ్మకము నదియే.