పాడకుండా ఉంచుకున్న చీటీ

నా దవడ పళ్లలో మూడింటికి వెండి సిమెంటు ఉండేది. 1998లో పుంగనూరులో వేయించుకున్నవి. రెండేళ్ల కిందట మదనపల్లెలో చూపించుకుంటే, "ఇందులో పాదరసం ఉంది సార్, మూడూ తీసేసి జిర్కోనియా క్యాపులు వేసేద్దాం" అన్నారు. 42,000 రూపాయలు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నడుస్తున్న చీటీని నష్టానికైనా సరే పాడేద్దామనుకున్నాను.

మా ఆవిడ ఆపింది. 2019లో ఆమె పంటికి రూట్ కెనాల్ అయ్యాక, ఉన్నవాటిలో చవకైన క్యాపు ఎంచింది నేనే. లోపల లోహం, పైన పింగాణీ, 4,000 రూపాయలు. అలాంటి వాటిలో ఎక్కువగా వాడేది నికెల్ కలిసిన లోహం. గిల్టు కమ్మలు పెట్టుకుంటే చెవి తమ్మెలు పుండ్లు పడే మనిషికి నికెల్ పడకపోవచ్చని నాకు తట్టలేదు. అక్కడ ఎవరూ అడగలేదు. ఏడాదిపాటు చిగురు ఎర్రగా వాచే ఉంది. చివరికి దాన్ని కోసి తీసి జిర్కోనియా వేయించడానికి మరో 9,000 అయింది.

"తక్కువని చూసి నా పంటికి రెండుసార్లు కట్టినారు. ఇప్పుడు భయపడి ఎక్కువ కట్టేదా? ముందు కనుక్కోండి" అంది.

కనుక్కున్నాను. ఆ సిమెంటు బరువులో దాదాపు సగం పాదరసమే. దాని వాడకం తగ్గించాలన్న మినమాటా ఒప్పందానికి భారత్ 2018లో ఆమోదం తెలిపింది. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి దాదాపుగా ఆపేసింది. అమెరికా ఎఫ్‌డీఏ 2020లో గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆరేళ్లలోపు పిల్లలు, కిడ్నీ జబ్బున్నవాళ్లు కొత్తగా వేయించుకోవద్దని చెప్పింది. అయితే చెక్కుచెదరని పాతదాన్ని భయంతో తీయించుకోవద్దని కూడా చెప్పింది. తీసేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా లేస్తుంది, దాంతోపాటు మంచి పన్నూ కొంత పోతుంది. నాకు ఈ రెండో సగం ఎవరూ చెప్పలేదు.

కుప్పంలో ఇంకొకరికి చూపించాను. ఫీజు, ఎక్స్‌రే కలిపి 500. రెండు గట్టిగానే ఉన్నాయి, ఒకదాని అంచు విరిగి కింద పుచ్చు మొదలైంది. ఆ ఒక్కటే మార్చారు. పంటి చుట్టూ రబ్బరు డ్యామ్ బిగించి, నీళ్లు ధారగా పడుతుండగా, పక్కనే గట్టి సక్షన్ పెట్టి, పొడి చేయకుండా ముక్కలుగా కోసి తీశారు. కాంపోజిట్ నింపారు. 2,200 రూపాయలు. అంత జాగ్రత్తకు ఇంకో వెయ్యి అడిగినా ఇచ్చేవాణ్ని.

మా ఆరోగ్య బీమా పళ్ల ఖర్చు ఇవ్వదు, ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప. అందుకని పోస్టాఫీసులో నెలకు 500 ఆర్‌డీ కడుతున్నాను. చీటీ చివరిదాకా నడిచింది.

బిల్లు మీద 'క్యాపు' అని ఒక్క మాట రాసిస్తే తీసుకోకండి. ఏ లోహమో, ఏ కంపెనీదో రాయించుకోండి. గిల్టు నగ పడనివాళ్లు ఆ సంగతి కుర్చీలో కూర్చోకముందే డాక్టరుకు చెప్పండి.